మా వదిన పాటలో ఆగే చోటు

మా వదిన పోయిందన్న కబురు నాకు పొద్దున టీ తాగుతుండగా వచ్చింది. మా అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయనా, అమ్మ లేదు" అన్నాడు. ఫోన్లో వాడి వెనక రోడ్డు మీద పోతున్న ట్రాక్టరులోంచి పాట వినిపించింది. అది మా వదిన పాటే. గొంతు మాత్రం ఇంకెవరిదో.

"నిలబడు మబ్బా, నీతో పనుండాది" అనే ఆ పాటకు మీలో చాలామంది పెళ్లి ఊరేగింపుల్లో చిందులేసి ఉంటారు. దాన్ని మొదట పాడింది కుందుర్పి దగ్గర మా ఊళ్లో కూలికి పోయే మా వదిన. నేను ఐదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆమె గురించి నాకు వచ్చినట్టు రాస్తాను, రాయకుండా మాత్రం ఉండలేను.

శెనక్కాయలు రాల్చడం చూడనివాళ్లకు ముందు ఒకటి చెప్పాలి. పీకి ఎండబెట్టిన చెట్లను గుప్పెడు గుప్పెడు పట్టుకొని రాతికేసి కొడితే కాయలు రాలతాయి. మా ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరి ముందు ఒక్కో రాయి పెట్టుకొని వరుసగా కూర్చుంటారు. అందరూ కలిసి కొట్టరు. ఆ చివరి మనిషి మొదలుపెడితే, దెబ్బ ఒకరి తర్వాత ఒకరిగా నడిచి వచ్చి ఈ చివర మా వదిన దగ్గర ముగుస్తుంది. ఆమె కొట్టిన తర్వాతే పాటలో ఇంకో మాట. అంతవరకు ఎవరూ గొంతు ఎత్తరు. ఆ పాట అలాగే పుట్టింది, మాట కొంత, పని కొంత.

నా బిడ్డ పుట్టకముందు అనంతపురంలో క్యాసెట్లు చేసే ఒకాయన ఆమెను పిలిపించి పాడించాడు. తోడుగా నేనూ పోయాను. మొదటి మాట పాడి ఆమె ఆగింది.

"ఏమ్మా, మర్చిపోయినావా?" అన్నాడాయన.

"మర్చిపోలేదప్పా. ఇంగా దెబ్బ నా దగ్గరికి రాలేదు" అంది మా వదిన.

ఆయన నవ్వుకున్నాడు. ఆమె ఆగిన చోట్లన్నీ కత్తిరించి మాటకు మాట అతికించాడు. ఆ క్యాసెట్ ఎట్లా ఆడిందో చెప్పలేను. ఏ బస్సు ఎక్కినా అదే, ఏ టీ కొట్టు ముందు నిలబడినా అదే. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఆమె మాత్రం బస్సు దిగి, "గొంతు నాదే అబ్బీ. ఉరికిచ్చినారు. అంత బిరాన పోతే మబ్బు యాడ నిలబడతాది?" అంది.

తర్వాత ఆ పాట ఎన్ని వేషాలు వేసిందో. పెళ్లిళ్ల బ్యాండువాళ్లు బూరల మీద పట్టుకున్నారు. గుమ్మఘట్ట వైపు కన్నడంలో పాడారు. అది విని మా వదిన, "మబ్బుకు రెండు భాషలూ వస్తాయిలే" అని మెచ్చుకుంది. చర్చిలో అదే రాగానికి క్రిస్మస్ మాటలు కట్టుకుంటే, మెట్ల మీద కూర్చొని చివరిదాకా వింది. డీజేలు వచ్చాక మబ్బు కాస్తా పిల్ల అయింది. "నిలబడు పిల్లా" అని మా వీధిలోనే మోగింది. "పిల్ల నిలబడితే వాన పడుతుందా అబ్బీ? పెండ్లి అయితాది, అంతే" అని పడీ పడీ నవ్వింది. ఎవరు పాడినా ఆ ఆగే చోట డప్పు పెట్టి పూడ్చారు. ఆ ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు.

నా బిడ్డ బుక్కరాయసముద్రంలో బడి పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఆ పాటను ఉన్నది ఉన్నట్టు పాడి రికార్డు చేయాలని పెద్దమ్మ దగ్గర కూర్చుంది.

"చేతులు ఊరికే పెట్టుకొని పాడొద్దు మే. చెట్లు పట్టుకో."

"బొబ్బలు వచ్చినాయి పెద్దమ్మా."

"రానీ. ఇంగ పాట వస్తాది."

మంచం పట్టాక కూడా ఆమెకు అదే ధ్యాస. నా బిడ్డ చెయ్యి పట్టుకొని, "ఒక్కసారన్నా నిలబెట్టి పాడు పాపా. ఉరికే పాటలు శానా ఉండాయి" అంది. పాట రికార్డు కాకముందే వెళ్లిపోయింది.

దినాలు అయ్యాక నా బిడ్డ రికార్డింగు అబ్బాయి దగ్గరికి పోయింది.

"అంతసేపు ఏమీ లేకుంటే ఫోన్ ఆగిపోయిందనుకుంటారక్కా. డప్పు వేద్దాం" అన్నాడు.

"వద్దు."

"జనం వినరక్కా."

"వినకుంటే పోనీ. మా చేనికి రా. చూసి చెప్పు."

కాయలు రాల్చే రోజున గొణుక్కుంటూనే మైకులు మోసుకొని వచ్చాడు. ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. నా బిడ్డ నడుమ కూర్చొని చెట్లు పట్టుకుంది. ఈ చివర మా వదిన రాయి ఉంది, దాని ముందు ఎవరూ కూర్చోలేదు. మైకు పెట్టడానికి అబ్బాయి దాన్ని జరపబోతే, ఒక ముసలామె, "ఆ రాయి జోలికి పోవద్దు నాయనా" అంది.

నా బిడ్డ మొదటి మాట పాడింది. ఆ చివర దెబ్బ మొదలైంది. రాయి మీంచి రాయి మీదికి నడిచి వచ్చి, మా వదిన రాయి దగ్గర ఆగింది. ఎవరూ అనుకున్నది కాదు. వరుస అంతా ఆమె కొట్టేంతసేపు ఆగింది. ఆ తర్వాతే నా బిడ్డ గొంతు ఎత్తుకుంది.

పాట అయ్యాక ఆ అబ్బాయి, "ప్రతిసారీ చివర ఒక దెబ్బ తగ్గిందక్కా. ఇంకొకటి తెచ్చి అతికిస్తా" అన్నాడు.

"అది పెద్దమ్మది. అట్లే ఉండనీ" అంది నా బిడ్డ.

అతను చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకొని, ఆ రాయి వైపు చూశాడు. మళ్లీ డప్పు మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పాట ఫోన్లలో, బస్సుల్లో వినిపిస్తోంది. నా సంతోషం నా కడుపులో పట్టడం లేదు. పక్క సీటులో ఎవరున్నా సరే, "పాడేది నా బిడ్డ, నేర్పింది మా వదిన" అని మొదలుపెడతాను. మాట ముగిసి దెబ్బలు మొదలైతే మాత్రం నోరు మూసుకుంటాను. కాయలు రాలుతూ రాలుతూ దగ్గరికి వస్తాయి. చివరి రాయి దగ్గర చేని మీది గాలి తప్ప ఏమీ వినపడదు. ఆ గాలిలో గుప్పెడు చెట్లు పట్టుకొని మా వదిన చెయ్యి పైకి లేచి ఉంటుంది.