చెయ్యెత్తితే ఆగిన సరంగు రెడ్డెప్ప

పోయిన నెలలో ఒక మంగళవారం, తెల్లవారుతుండగా పుంగనూరు నుంచి అత్త ఫోను చేసింది. "మీ మామ లేడు పాపా. నిద్దట్లోనే పోయినాడు" అంది. ఆ మాట చెవిన పడిందే కాని మనసుకెక్కలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో మాట్లాడి, "మదనపల్లెలో సలి ఎట్లుండాది" అని కుశలమడిగాడు. ఆదివారం వస్తానన్నాడు. వస్తానని రాకపోవడం ఆయన చరిత్రలో లేదు. అందుకే అత్త ఏదో పొరబడిందనుకుంటూ చాలాసేపు ఫోను పట్టుకునే కూర్చున్నాను.

కీర్తిశేషులు రెడ్డెప్ప మా అమ్మకు తోడబుట్టిన తమ్ముడు, నాకు మేనమామ. ఒక మహానగరంలో, ఊరి నడుమ పారే ఏటి మీద, రేవు నుంచి రేవుకు జనాన్ని చేరవేసే పడవకు నడివయసంతా చుక్కాని పట్టి నడిపే సరంగుగా ఉన్నాడు. ఆ పడవను అక్కడివాళ్ళు ఏటి బస్సు అనేవాళ్ళు. ఉదయం సాయంత్రం ఉద్యోగాలకు పోయేవాళ్ళు, మధ్యాహ్నం ఊరు చూడవచ్చిన యాత్రికులు ఎక్కేవాళ్ళు. ఆ నగరం పేరు నేను రాయను. ఆయనకు అది చేసిన మర్యాదకు, నా కలంతో దాని పేరు రాయడం కూడా దండగే.

మామ ఏటి ఒడ్డున పుట్టినవాడు కాడు. పుంగనూరు, మదనపల్లెల మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా బతుకు మొదలుపెట్టాడు. యజమాని బండి అమ్ముకున్నాక, తెలిసినవాళ్ళ వెంట ఆ నగరానికి పోయి ఏటి బస్సులో, పడవను గట్టుకు కట్టే తాడు విసిరే పనికి కుదిరాడు. ఆ కబురు విని మా అవ్వ తల పట్టుకుంది. "బోరు కాడ బిందెకు కొట్లాడే ఊర్లో పుట్టి, నీళ్ళ మీద బతుకుతానంటాడే వీడు. ఈత గూడా రాదు గదప్పా" అంది. ఈత రాని మాట నిజమే. సెలవు దినాల్లో నడుముకు తాడు కట్టించుకుని, చిన్నపిల్లలు నవ్వుతుంటే వాళ్ళ పక్కనే ఈత నేర్చుకున్నాడు. తరువాత పరీక్ష నెగ్గి చుక్కాని పట్టాడు.

మా సీమ పల్లె బస్సులకు ఒక ధర్మముంది. దూరాన చేను గట్టు మీద ఎవరైనా చెయ్యెత్తి పరుగెత్తి వస్తుంటే డ్రైవరు బస్సు ఆపాలి. లోపల కూర్చున్నవాళ్ళు విసుక్కోరు. రేపు ఆ గట్టు మీద పరుగెత్తేది తామే కావచ్చునని వాళ్ళకు తెలుసు. కండక్టరుగా నేర్చిన ఈ ధర్మాన్ని మామ ఏటి మీదికి పట్టుకుపోయాడు. తాడు విప్పి పడవ కదిలాక కూడా, రేవు మెట్ల పైన ఒక చెయ్యి లేస్తే పడవను తిరిగి గట్టుకు ఆనించేవాడు. ఆ ధర్మం నగరంలో పడవెక్కినవాళ్ళకు కూడా తెలిసే ఉంటుందని నమ్మాడు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

నేను ఒకసారి ఆ పడవ ఎక్కాను. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు, నీళ్ళ మీద మామ నిలబడ్డ తీరు చూస్తే గర్వంగా అనిపించింది. ఆ ఉదయం కూడా పడవ కదిలాక మెట్ల మీద ఒక చెయ్యి లేచింది. మామ పడవను వెనక్కి తిప్పాడు. ఆయాసపడుతూ ఎక్కినామె పేరు సుగుణ, ఆస్పత్రిలో నర్సు. కుప్పం దగ్గరి పల్లె వాళ్ళది. "దినామూ ఇదే పనా అమ్మా నీకు" అని మామ కసురుకున్నాడు. ఆమె నవ్వి, "నువ్వుండావనే గదన్నా నాకు ధైర్యం" అంది. తరువాత నేను, ఇందరిని కూర్చోబెట్టి ఒకరి కోసం ఆగడం న్యాయమేనా అని అడిగాను. ఆయన ఏటి మీది నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"బస్సు పోయిందంటే ఇంగొకటి వస్తాది పాపా. మనల్ని సూసి గూడా పోయిందంటే, ఆ బాధ ఊరికే పోదు."

పడవలు నడిపే సంస్థవారికి ఈ సంగతి తెలియదని ఎవరూ అనుకోవద్దు. తెలుసు, మురిసిపోయారు కూడా. మీ కోసం ఆగే పడవ అని మామ ఫోటోతో రేవులన్నిటా బోర్డులు పెట్టించారు. కొన్నేళ్ళకు వాళ్ళ మనసు యాత్రికుల వైపు మళ్ళింది. ఉద్యోగుల పడవలు తీసివేయాలంటే ఒక కారణం కావాలి. కారణం వెతుక్కునేవాడికి అది ఎదురుగానే చుక్కాని పట్టుకుని నిలబడి ఉంది.

ఒక సాయంత్రం పెద్ద మేనేజరు రేవులోకి వచ్చి ప్రయాణికులను సమావేశపరిచాడు. త్వరలో ఏసీ పడవలు వస్తాయని, గడియారం ప్రకారం నడుస్తాయని తీయగా చెప్పాడు. ఆ తరువాత, "ఈ సరంగు ఊరికే ఆపుతుండడం వల్ల పనికి ఆలస్యమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. మామ పక్కనే ఉన్నాడు. అందరికంటే ముందు సుగుణ చెయ్యి లేచింది. ఆ వెనుక ఆయన ఎవరెవరి కోసం పడవ తిప్పాడో వాళ్ళ చేతులన్నీ లేచాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఆయన ఆగింది మా కోసమే" అనలేదు. ఈ ఘట్టం మామ నాకు ఒక్కసారే చెప్పాడు. చెబుతున్నంతసేపూ భుజం మీది తువ్వాలు మడత పెడుతూనే ఉన్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఏసీ పడవలు వచ్చాయి, యాత్రికుల కోసం. చేతులెత్తినవాళ్ళకు పడవే లేకుండా పోయింది. వాళ్ళిప్పుడు వంతెన మీద ట్రాఫిక్కులో గంటల తరబడి చెమటలు కక్కుతున్నారని విన్నాను. విని జాలిపడలేదు. మామను యాత్రికుల పడవకు మార్చి, తలకు జరీ పాగా చుట్టించి, ఎక్కేవాళ్ళకు వంగి దండం పెట్టే పని అప్పగించారు. కొన్నాళ్ళు పెట్టాడు. ఒకరోజు పాగా తీసి బల్ల మీద ఉంచి పుంగనూరు వచ్చేశాడు.

ఇక్కడికి వచ్చాక రెండు ఆవులు పెట్టుకుని, పాలు పోస్తూ, నలుగురితో నవ్వుతూనే తిరిగాడు. పైకి చూసినవాళ్ళు స్థితప్రజ్ఞుడన్నారు. నేను నమ్మలేదు. పోయినేడు కుప్పంలో పెళ్ళికి ఇద్దరం బయలుదేరాం. మేము బస్టాండు చేరేసరికి బస్సు కదులుతోంది. డ్రైవరు తెలిసినవాడు, చెయ్యెత్తితే ఆగుతాడు. మామ కదలకుండా నిలబడ్డాడు. నేను ఎత్తబోతే నా చెయ్యి పట్టి దించాడు.

"యాల మామా, పోతా ఉండాది గదా" అన్నాను.

"పోనీ పాపా. సెయ్యి లేస్తే నేను సూడలేను" అన్నాడు.

తరువాతి బస్సుకు పోయాం. తాళి కట్టే వేళకు అందుకోలేకపోయాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మామ పోయాక ఆ సంస్థవారు ఫోనుల్లో ఒక నివాళి పంచారు. జరీ పాగా ఫోటో పెట్టి, యాత్రికుల ఆత్మీయ సరంగు అని రాశారు. మనిషిని అవమానించిన పాగాతోనే ఆయనకు దండ వేశారు. ఇంతకంటే చెప్పడానికి నా భాష చాలదు.

కర్మ ముగిసిన రెండు మూడు రోజులకు సుగుణ మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాఫీ ఇచ్చాను. తాగలేదు.

"అక్కా, రెడ్డెప్పన్న మీద నువ్వు రాస్తాండావంట. ఒక్క మాట రాయక్కా. మమ్మల్ని మన్నించి పోయినాడని."

"నీతో ఆ మాట అన్నాడా?"

"అనలా. ఎన్నిసార్లు ఫోను సేసినా తీయలా" అంది. మళ్ళీ తనే, "అప్పుడు ఇంట్లో సంటిబిడ్డ ఉండె. కొత్త పడవైతే బిరీన ఇల్లు సేరొచ్చని ఆశపడితినక్కా. ఆయన దేవుడట్లాంటోడు, మనసులో పెట్టుకోడు గదా" అంది.

"దేవుడైతే నీకు సులువే. ఆయన మనిషి సుగుణా" అన్నాను.

ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆ మాట రాయించుకోవడానికి మదనపల్లె దాకానే కాదు, ఎంత దూరమైనా వచ్చేదని అర్థమైంది. రాస్తే ఆ తల్లికి నిద్ర పడుతుంది. ఈ వ్యాసం అడిగిన మిత్రులు కూడా అజాతశత్రువు, క్షమామూర్తి అన్న మాటలు సిద్ధం చేసి ఉంచారు. పోయినవారి గురించి అలా రాయడం మన మర్యాద. నా చేతికి ఆ మాటలు కొత్త కూడా కాదు, ఎందరి గురించో రాశాను.

మామ గురించి రాయలేను. తన కోసం తాను ఎవరినీ ఏదీ అడగని మనిషికి, తనదంటూ చివరికి మిగిలింది ఆ నొప్పి. దాన్ని కూడా ఆయన చేతిలోంచి తీసి, నొప్పించినవాళ్ళకు ప్రసాదంగా పంచిపెట్టే హక్కు నాకు లేదు. అటువంటి సరంగు ఆ ఏటికి మళ్ళీ దొరకడు. మా ఇంటికి అటువంటి మామ మళ్ళీ రాడు. రెడ్డెప్ప ఎవరినీ క్షమించకుండానే పోయాడు. ఆయనకు, ఆయన కోపానికి కూడా, నా నమస్కారం.