గురి తప్పిన మధ్యాహ్నం

మే నెలలో చంద్రపూర్ శివార్లలోని సైనిక శిబిరానికి చేరాను. నేను కోరుకున్నది మంచు కొండలు. దొరికింది మా ఊరు లక్కడ్‌కోట్‌కు దగ్గరలోని ఒక రేకుల షెడ్డు. ఎండ నలభై ఆరు డిగ్రీలు. లోపల నాలుగు కంప్యూటర్లు, రెండు కూలర్లు. పద్మాపూర్ గనుల వైపు నుంచి గాలి వీస్తే కీబోర్డు మీద బొగ్గు నుసి పడేది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చదివింది గణితం. అందుకే ఈ పని అప్పగించారు. లేజర్ చుక్కను వెంబడించి వెళ్లే ఫిరంగి గుండు యుద్ధంలో ఎంత కచ్చితంగా తగులుతుందో కంప్యూటర్‌లో ముందే తేల్చాలి.

మా కంప్యూటర్ నమూనాలో ఆ గుండు ఎన్నడూ తప్పలేదు. శత్రువు బంకరుకు ఒక్కటి చాలునని చెప్పింది. ఆ మాట నమ్మితే దాడికి వెళ్లే దళానికి ఒక్కటే ఇస్తారు. అది తప్పితే, చెక్కుచెదరని బంకరుకు ఎదురుగా మనుషులు నడవాలి.

లక్ష్యం మీద లేజర్ చుక్కను నిలిపే జవాను నాయక్‌ది ఆదిలాబాద్. తెర చూసి నవ్వాడు.

"ఏంది తమ్మీ, నీ కంప్యూటర్ల ఎండకాలం రాదా?"

"ఎందుకన్నా?"

"నాతోని గుట్ట మీదికి రా. జర నువ్వు గూడ మాడు."

మిట్టమధ్యాహ్నం గుట్టపై బోర్లా పడుకొని దుర్భిణిలో చూశాను. దూరాన లక్ష్యంగా కట్టిన రాతి గోడ వేడిగాలికి నీళ్లలో ఉన్నట్టు ఊగుతోంది. దాని మీది లేజర్ చుక్క కూడా నిలవడం లేదు. మేము వాడిన కొలతలన్నీ చల్లని ఉదయాల్లో తీసినవి.

ఆ వారమంతా గంటగంటకూ చుక్క కదలికను కొలిచి నమూనాలో చేర్చాను. ఫలితం మారింది. ఉదయం ఒక్క గుండు చాలు. మధ్యాహ్నం చాలదు.

మేజర్ సాబ్ హిందీలో ముక్తసరిగా అన్నారు: "తెర మీద కాదు. మైదానంలో చూపించు."

మరునాడు మధ్యాహ్నం ఫిరంగి పేలింది. షెడ్డులో అందరం రేడియో చుట్టూ చేరాం. నాయక్ గొంతు వినిపించింది.

"పడ్డది... కుడి పక్కకు పడ్డది! గోడ గట్లనే ఉన్నది తమ్మీ!"

మా లెక్క నిజమైందని చప్పట్లతో షెడ్డు దద్దరిల్లింది. మేజర్ సాబ్ కూడా నవ్వారు. "గుండు తప్పితే చప్పట్లు కొట్టే ఫౌజును ఇప్పుడే చూస్తున్నా."

తెల్లవారి అదే ఫిరంగి, అదే గోడ. మొదటి గుండుకే కూలింది. ఆ సాయంత్రమే ఆదేశం వెలువడింది: ఎండవేళ దాడికి ఒక్క గుండుతో ఎవరినీ పంపరాదు.

కొన్నేళ్లకు ఫౌజు వదిలి ఇంటికి చేరాను. అమ్మ అడిగింది.

"ఏం గెలిచినవ్ బిడ్డా?"

"గుండు తప్పుతదని ముందుగాలనే చెప్పిన అమ్మా."

"గదేం గెలుపురా!"

కూలిన గోడ నాకు సరిగా గుర్తులేదు. రేడియోలో విన్నదే అయినా, దుమ్ము తేలిపోయాక, ఎండలో అలలా ఊగుతూ, ఒక్క రాయీ కదలకుండా నిలిచిన ఆ మధ్యాహ్నపు గోడే ఇప్పటికీ నా కళ్లెదుట ఉంది.