మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లు

ముందు సంగతి చెప్పేస్తాను. అది కడుపులో దాచుకుని వేరే మాట రాయడం నా వల్ల కాదు. నేను డిగ్రీ పాసయ్యాను. బయాలజీలో, ఫస్ట్ క్లాసులో! అమ్మ వైపు చూసినా నాన్న వైపు చూసినా మా వాళ్లలో డిగ్రీ అన్నది ఇదే మొదలు.

ఫలితాలు ఉదయం పది గంటలకి వచ్చాయి. తొందరలో హాల్ టికెట్ నెంబరు రెండుసార్లు తప్పు కొట్టాను. నాన్న కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోస్తాడు, పనిలో ఉంటే ఫోన్ తియ్యడు. అయినా చేస్తూనే ఉన్నాను. తియ్యలేదు. ఇక ఆగలేక పర్చూరు రోడ్డు పక్కన అమ్మ పని చేసే పత్తి చేను దాకా పరిగెత్తాను.

"ఆగు, అక్కడే ఆగు! కొమ్మలు ఇరగ్గొడతావు!" అని దూరం నుంచే అరిచింది అమ్మ.

"అమ్మా, పాసయ్యా!"

"వినపడిందిలే. చీరాల దాకా వినపడి ఉంటది."

సాళ్ల మధ్య నుంచి ఆడవాళ్ల తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. కూలీల ముఠాని తీసుకొచ్చే మేస్త్రి పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమ్మోయ్ డాక్టరమ్మా, ఇక మాకు సూదులు నువ్వే వేస్తావా?" అంది.

"డాక్టర్ కాదు పిన్నీ, బయాలజీ."

"సూది వెయ్యవా?"

"వెయ్యను."

"మరి నాలుగేళ్లు ఏం జేశావే?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వుతూనే చేతిలో పని ఆపలేదు. ఆ పని మధ్యాహ్నం లోపల అయిపోవాలి, లేకపోతే ఆ పూటకి పూలు పనికిరావు. ఇంటికి నడిచి వస్తుంటే, పిన్ని వేళాకోళానికి అడిగిన దానికి నిజంగానే జవాబు చెప్పాలనిపించింది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

అమ్మది క్రాసింగ్ పని. విత్తనాల కోసం వేసే పత్తి చేలో ఒక పక్క కొన్ని మగ సాళ్లు, మిగతాదంతా ఆడ సాళ్లు ఉంటాయి. రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని ఆడ సాళ్లలో ఈ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, రేకులూ పుప్పొడీ ఒకేసారి ఊడదీస్తారు. మధ్యలో సన్నటి పుల్ల లాంటిది ఒక్కటే మిగులుతుంది. గోరు కాస్త లోతుగా దిగితే అదీ పోతుంది, మొగ్గ ఎండి రాలిపోతుంది. మళ్లీ పొద్దున్నే మగ సాళ్లలో పూసిన పూలు తెంపి, వాటి పుప్పొడిని ఆ పుల్లల మీద అద్దుతారు. కాయలు కాస్తే ఆ గింజలే వచ్చే ఏడు రైతులు వేసుకునే విత్తనం. అమ్మ ఊడదీసిన మొగ్గ రాలిపోవడం నేను పెద్దగా చూడలేదు. ఆమె వేళ్లు నడిచే వేగానికి నా కళ్లు ఆనేవి కావు. సెలవుల్లో ఆమె వెనకాలే తిరుగుతూ నేనూ నేర్చుకున్నాను, కాకపోతే నా గోరుకి చాలా మొగ్గలు బలయ్యాయి.

ఒక పువ్వుని ఇంకో పువ్వు మీద అద్దితే కొత్త రకం గింజ ఎలా వస్తుందన్నది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. అయినా ఇంటర్లో సీఈసీ చదివాను. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి తిరిగి రాగలిగిన కాలేజీలో బైపీసీ లేదు మరి. సీఈసీ తర్వాత బీకాం అన్నది ఇంట్లో అందరూ అనుకున్న మాటే. బీకాం అయ్యాక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతామని కోల్డ్ స్టోరేజీ మేనేజరు నాన్నకి మాటిచ్చాడు కూడా.

దరఖాస్తు పెట్టడానికి నాన్నా నేనూ నెట్ సెంటర్‌కి వెళ్లాం. కోర్సుల జాబితా కిందికి జరుపుతుంటే ఒకచోట 'బయాలజీ, ఫౌండేషన్ ఇయర్‌తో' అని కనిపించింది. ఏంటదని నెట్ సెంటర్ ఆయన్ని అడిగాను.

"ఇంటర్లో సైన్సు చదవనోళ్ల కోసం అమ్మా. ముందు ఒక ఏడాది అన్నీ మొదటి నుంచి చెప్తారు. అది పాసైతే మూడేళ్ల డిగ్రీలోకి పంపిస్తారు. ఇంటర్వ్యూ ఉంటది."

నేను ఆ వరుస మీద నుంచి వేలు తియ్యకపోవడం చూసి నాన్న నా వైపు తిరిగాడు. "మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లు చదవడమేంటమ్మా? పరీక్ష తప్పినోళ్లు గదా అట్టా చదివేది?"

"తప్పినందుకు కాదు నాన్నా, ముందు చదవనందుకు."

"ఊళ్లో ఎవడికి చెప్తావు ఆ తేడా?"

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాం. అమ్మ అంతా విని, నాన్నతో, "చదివేది అది, నువ్వు కాదుగా. నీకెందుకు నొప్పి? ఇంటర్వ్యూకి పోయి రానీ," అంది.

గుంటూరు దగ్గర కాలేజీ. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒక మేడం. జుట్టు సగం నెరిసింది, మంగళగిరి చీర, కళ్లజోడు తల మీదికి నెట్టుకుని ఉంది. మీ ఊళ్లో ఏం పండుతుందని అడిగింది. పత్తి, మిర్చి అన్నాను.

"అయితే పత్తి పువ్వు గురించి చెప్పు."

నాకు తెలిసిందే అడిగారు కదా అని పొంగిపోయాను. "పత్తిలో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు మేడం."

పక్కనున్న సార్ నవ్వు ఆపుకుంటూ, "ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాడు.

"పుస్తకంలో కాదు సార్, మా అమ్మ పనిచేసే చేలో."

మేడం నవ్వలేదు. "సరే, పువ్వు చూసి అది ఆడదని ఎలా చెప్తావు?"

"ఆడ పువ్వులో పుప్పొడి ఉండదు మేడం."

"ఎందుకుండదు?"

"ముందు రోజు సాయంత్రమే తీసేస్తాం గదా మేడం."

ఆ మాట అన్నాక నాకే ఎక్కడో తట్టింది. తీసేస్తాం. తీసేస్తున్నామంటే అంతకుముందు ఉన్నట్టే కదా! ఇన్నేళ్లూ నా గోరుతో నేనే ఊడదీస్తూ, అది ఉండదని చెప్తున్నాను. మేడం తొందరపెట్టకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

"మేడం, అంటే... ప్రతి పువ్వులో రెండూ ఉంటాయా?"

"నువ్వే చెప్పు."

"ఉంటాయి మేడం. ఉండబట్టే తీస్తున్నాం. దాని పుప్పొడి దాని మీదే పడకుండా. కానీ పడితే ఏమవుతుంది? వేరే మొక్కదే ఎందుకు కావాలి?"

"అది నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే నాకు ఏడాది పడుతుంది," అంది మేడం, కళ్లజోడు కిందికి దించుకుంటూ. "వస్తావా?"

తెలిసింది చెప్పినందుకు కాదు, తెలియదని అక్కడికక్కడే కనిపెట్టినందుకు ఆవిడ నాకు సీటు ఇచ్చింది. అలాంటి మనిషి ఒకరు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికొచ్చి, ఏదో కొత్త సంగతి చెప్తున్నట్టు అమ్మతో అన్నాను: "అమ్మా, మగ చెట్టు, ఆడ చెట్టు అని లేదంట. అన్ని పూలల్లో రెండూ ఉంటాయంట."

అమ్మ నన్ను వింతగా చూసింది. "అదేందే, ఆ మాత్రం తెలవదా నీకు? మగ సాళ్ల మొక్కలకి కాయలు కాయవా మరి? పోయినేడు ఆ దూది నువ్వు ఏరలా? మగోడైతే కాయ ఎట్టా కాస్తాడే?"

నిజమే. ఏరాను. వేరే గోతంలో పోశాను కూడా. చూసిందే, కానీ ఆలోచించలేదు. అమ్మ ఆలోచించింది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు, అంతే. ఇంటర్వ్యూలో కూర్చోవలసింది అమ్మ అని ఆరోజు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక్క ఏడాది ఇస్తా. అందులో ఒక్క సబ్జెక్టు తప్పినా వచ్చేసి బీకాంలో చేరాలి. సరేనా?" సరేనన్నాను. ఇంకేమంటాను?

ఫౌండేషన్ క్లాసులో మేం పద్దెనిమిది మందిమి. కొందరు నాలాగే సీఈసీ. ఒకతను చీరాలలో మగ్గం మీద పనిచేసి, చదువు మానేసిన ఐదేళ్లకి మళ్లీ వచ్చాడు. మైక్రోస్కోపులో మొదటిసారి కన్ను పెట్టినప్పుడు నల్లటి గీతలు కదులుతూ కనిపించాయి. ప్రాణం ఉన్నవి చూస్తున్నానని గబగబా బొమ్మ గీసేశాను. మేడం వచ్చి చూసి, "చక్కగా గీశావమ్మా. అవి నీ కనురెప్ప వెంట్రుకలు," అంది. క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం, "నవ్వకండి, నేనూ మొదటి రోజు అదే గీశాను," అంది. నిజమో, నాకోసం చెప్పిందో ఇప్పటికీ తెలియదు.

బయాలజీ పరవాలేదు. కెమిస్ట్రీ దగ్గర మునిగిపోయాను. అర్ధ సంవత్సరం పరీక్షల్లో తప్పాను. మార్కులు నేరుగా నాన్న ఫోన్‌కే వెళ్లాయి. నాన్న ఫోన్ చెయ్యలేదు. నాకు అర్థమైంది, నన్ను తీసుకుపోవడానికే వస్తాడు. హాస్టల్లో బట్టలు మడతపెట్టి బ్యాగులో సర్దేశాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. తప్పిన వాళ్లని కూర్చోబెట్టి ఆ వేళప్పుడు మేడమే కెమిస్ట్రీ కూడా చెప్పేది. నాన్న కిటికీ బయట నిలబడ్డాడు. మిర్చి ఘాటుకి వచ్చే తుమ్ము వినపడగానే వచ్చింది ఆయనేనని తెలిసింది, కానీ తల తిప్పే ధైర్యం లేకపోయింది. బోర్డు మీద ఏముందో ఒక్క అక్షరం కనపడలేదు. అప్పుడే ఆ చీరాల అతను లేచి, "మేడం, ఇంకోసారి చెప్తారా?" అన్నాడు. మేడం చెప్పింది. మళ్లీ లేచాడు. మళ్లీ చెప్పింది, ఈసారి ఇంకో విధంగా. అతను సిగ్గుపడుతూ మూడోసారి లేస్తే, బోర్డంతా తుడిచేసి, "నేను చెప్పే పద్ధతే బాలేనట్టుంది, మగ్గం మీది పడుగూ పేకా అనుకుని చూద్దాం," అని మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టింది. అతనికి అర్థమైంది. అతనితో పాటు నాకూ అర్థమైంది.

క్లాసు అయ్యాక బయటికి వచ్చాను. నాన్న నా బ్యాగు అడగలేదు. కిటికీ వైపే చూస్తూ, "ముచ్చటగా మూడుసార్లు అడిగాడు ఆ అబ్బాయి," అన్నాడు.

"అవును నాన్నా."

"విసుక్కోలా ఆ తల్లి."

"విసుక్కోదు నాన్నా ఎప్పుడూ."

"నేను ఐదో తరగతిలో భాగహారం రెండోసారి అడిగితే, మా పంతులు నా వీపు మీద బెత్తం ఇరగ్గొట్టాడు. ఆ తర్వాత బడికి పోలా." ఇది నాన్న నాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, "సరే, ఐదింటి బస్సుకి పోతా. నువ్వు కూడా మూడుసార్లు అడుగు. నాలుగుసార్లు అడుగు. ఊరికే తలకాయ ఊపమాక," అన్నాడు.

అడిగాను. సిగ్గు వదిలేసి అడిగాను. ఏడాది చివర కెమిస్ట్రీతో సహా అన్నీ పాసయ్యాను. తర్వాత మూడేళ్లు బరువుగానే నడిచాయి కానీ, అర్థం కానిది అడగడానికి భయం మాత్రం వెయ్యలేదు. పిన్నీ, నాలుగేళ్లు నేను చేసింది అదే.

ఇంతవరకూ రాసేసరికి నాన్న ఫోన్ చేశాడు. భోజనాల విరామం.

"ఏమ్మా, అన్నిసార్లు చేశావు? ఏందీ, పాసా?"

"పాస్ నాన్నా."

"అన్నీనా?"

"అన్నీ. ఫస్ట్ క్లాసు."

నాన్న ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో అంటున్నాడు: "మా అమ్మాయి డిగ్రీ అయిపోయిందిరా." ఎవరో, "మా బావమరిది కొడుక్కి మూడేళ్లకే అయిపోయిందే!" అన్నారు.

"మీవోడిది మూడేళ్లదిరా," అన్నాడు నాన్న గట్టిగా. "మా అమ్మాయిది నాలుగేళ్లది!"

నవ్వాపుకుని, ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడతానని చెప్పాను. మొక్కల జన్యుశాస్త్రం, ఇంకో రెండేళ్లు.

"రెండేళ్లేనా? ముందు ఒక ఏడాది మొదటి నుంచి చెప్పేది ఏమన్నా ఉందేమో కనుక్కో."

"దీనికి ఉండదు నాన్నా."

"ఎందుకుండదు? ఆ మేడంని అడుగు."

అప్పుడు గుర్తొచ్చింది. మేడంకి నేనింకా చెప్పనేలేదు.