కవిత కట్టండి

మా ఊరి గ్రంథాలయంలో భవానీదేవి గారు జరిమానా డబ్బుల్లో తీసుకోరు. కవితల్లో తీసుకుంటారు.

పుస్తకం గడువు దాటిందంటే సొరుగులోంచి ఒక కాగితం తీసి చేతిలో పెడతారు. దాని మీద ఈ మధ్య ఎవరో రాసిన కవిత ఉంటుంది. హాలు మధ్యలో నించుని, పేపరు చదివే పెద్దలందరికీ వినబడేలా చదవాలి. "జరిమానా ఇచ్చేస్తానండీ, వదిలెయ్యండి" అని బతిమాలినా వినరు.

"డబ్బులొద్దండి. కవిత కట్టండి."

ఉత్తరాలు ఆలస్యమైతే పోస్టుమాన్ చేతా కట్టించారు. పొద్దున్న తనిఖీకి రావలసిన పైఅధికారి మధ్యాహ్నం వస్తే ఆయన చేతా కట్టించారు. ఆయన చదివి, మంచినీళ్ళు తాగి, తనిఖీ సంగతి మర్చిపోయి రాజోలు బస్సెక్కేశారు.

కొబ్బరి వ్యాపారం చేసే నూకరాజు గారు ఓసారి బేరమాడబోయారు. "కొబ్బరి ధర మీద ఏవన్నా ఉంటే ఇవ్వండి, అదైతే కడతాను."

"ధర పడిపోవడం మీద ఒకటుందండి. మధ్యలో ఏడవకూడదు మరి."

"ఇంతకీ ఇవి రాసేదెవరండీ?"

"పేరు చెబితే కవితొదిలేసి, ఎవరి తాలూకా, ఏ వీధి అని మొదలెడతారు మీరు. చదవండి."

మొన్న వేసవిలో నా వంతు వచ్చింది. తీసుకెళ్ళిన పుస్తకం మంచం కింద ఉండిపోయింది. వియ్యంకుడు గారు కూడా హాల్లోనే కూర్చుని ఉన్నారు. సిగ్గుపడుతూ చదివితే నలుగురూ నవ్వుతారు కదా, నేనే నవ్విస్తే పోలా అనుకున్నాను. ఆటోలో మైకు పెట్టి ఉల్లిపాయలు అమ్మేవాడి గొంతు పెట్టాను:

"వరద తగ్గిన ఇంట్లో
గోడ మీద నీటి గీత.
అమ్మ సున్నం వెయ్యనివ్వలేదు.
ఏటేటా తమ్ముడు
ఆ గీత పక్కన నించుని
ఎత్తు చూసుకుంటాడు..."

అక్కడాపి, "ఇది కవితా అండీ, ఇంటి మరమ్మతు ఎస్టిమేటా?" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. వియ్యంకుడు గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వేరు. చివరి ముక్కలు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయాయి. మూల కుర్చీలో వారపత్రిక చదువుకుంటున్న మేరీ టీచరు లేచి వెళ్ళిపోవడం చూశాను గానీ, బడికి టైమైంది కాబోలు అనుకున్నాను. వేసవి సెలవులన్న సంగతి తట్టలేదు.

ఆ తర్వాత మూల కుర్చీ ఖాళీగానే ఉంది. భవానీదేవి గారు నాకు పేపరు కూడా సరిగ్గా అందివ్వడం లేదు. విసిరినట్టు పెడుతున్నారు. ఉండబట్టలేక అడిగాను.

"మీరు ఉల్లిపాయలమ్మింది మేరీ గారి కవితండి."

ఫ్యాను కిందే ఉన్నాను. అయినా చెవులు కాలిపోయాయి.

"ఆవిడ పిల్లల ముందు పులండీ. పాఠం చెబితే రోడ్డు మీదకి వినబడుద్ది. సొంత కవిత నలుగురి ముందు చదవమంటే గొంతు పెగలదు. అలాంటోళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమందో. పుస్తకం అచ్చేసుకోలేరు, సభలకెక్కలేరు. వాళ్ళకి నోరు లేదు. మీకు నోరుంది, పని లేదు. మీరు చదువుతుంటే ఓ మూల కూర్చుని వింటారు, అంతే."

"ఇప్పుడెలాగండి?"

"ఇంకెప్పుడూ రాయనని ఫోన్లో చెప్పేరు. ఆదివారం పుస్తకం ఇచ్చేసి పోతారట."

ఆదివారం గ్రంథాలయం తలుపు తియ్యక ముందే నేను వచ్చి అరుగు మీద కూర్చున్నాను. తలుపు తీసి, అందరం హాల్లో కూర్చున్నాక మేరీ గారు వచ్చి, ఎవరి వైపూ చూడకుండా పుస్తకం బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగారు.

"ఆగండి మేరీ గారూ. గడువు దాటిపోయింది" అన్నారు భవానీదేవి గారు. "కవిత కట్టండి."

ఆవిడ మొహం పాలిపోయింది. నేను లేచాను.

"ఆవిడది నేను కడతానండి. ఆ గీత కవితే ఇవ్వండి."

చదివాను, ఈసారి నా సొంత గొంతుతో. ఎవరూ నవ్వలేదు. ఎలాగోలా ముగించేద్దామన్న కంగారులో "ఈ ఏడు" అని తరవాత మాట అందుకోబోతుంటే, వెనక నుంచి "అక్కడ ఆగాలండీ" అని వినబడింది.

మేరీ గారే.

"ఎక్కడండీ?"

"'ఈ ఏడు' దగ్గర."

"ఎలాగో కాస్త చెప్పండి టీచరుగారూ, నాకు రావట్లేదు."

తప్పు చదివిన పిల్లాణ్ణి వదిలేసి పోవడం ఆవిడకు చేతకాదు కాబోలు. రెండడుగులు ముందుకొచ్చారు.

"ఈ ఏడు..."

హాల్లో పేపరు తిప్పిన చప్పుడు కూడా లేదు.

"వాడే పొడుగు."

నూకరాజు గారు పేపరు పక్కన పెట్టారు. "మా గోడకీ ఉందండీ గీత. రంగేయిద్దామనుకుంటన్నాను. ఇక ఉంచేస్తానండి."

"ఆయ్" అన్నారు వియ్యంకుడు గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మేరీ గారు వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నారు. నేను నెమ్మదిగా బల్ల దగ్గరికెళ్ళి, "నా తరఫున కూడా ఇంకోటివ్వండి. అడ్వాన్సు అనుకోండి" అన్నాను.

భవానీదేవి గారు సొరుగు మూసేశారు.

"అడ్వాన్సులు తీసుకోనండి. పుస్తకం పట్టుకెళ్ళి, ఆలస్యంగా రండి."