తెలియదు, వాడడం లేదు, అదుపులో ఉంది

ఇప్పుడంటే బీపీ లేని మనిషిని పెళ్ళి భోజనాల బంతిలో కాస్త అనుమానంగా చూస్తున్నారు గానీ, నేను మీసం దువ్వుకోవడం నేర్చుకుంటున్న కాలంలో మా జంషెడ్‌పూర్‌లో బీపీ అనేది ఆఫీసర్ల ఆస్తి. కారు, కుక్క, బీపీ, ఈ మూడూ కద్మా వైపు పెద్ద బంగళాల్లో ఉండేవి. బారిడీహ్ క్వార్టర్లలో ఉండే మాకు సైకిలు, మేక, గ్యాసు ట్రబులు ఉండేవి. ఎవరి హోదాకి తగ్గవి వాళ్ళకి దేవుడు ఇచ్చాడని అందరమూ తృప్తిగానే ఉండేవాళ్ళం. అలాంటి రోజుల్లో, రాష్ట్రం మొత్తం మీద పెద్దవాళ్ళలో రక్తపోటు ఎందరికి ఉందో, ఉన్నవాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసో, తెలిసినవాళ్ళలో ఎందరు మందు వాడుతున్నారో, వాడేవాళ్ళలో ఎందరికి అదుపులో ఉందో తేల్చాలని సర్కారుకి బుద్ధి పుట్టింది. (అప్పటికి మాది బీహారే.) పట్నా నుంచి ఒక డాక్టరుగారు దిగారు. ఆయనకి తెలుగు రాదు, మా తెలుగువాళ్ళ క్వార్టర్ల లైనులో పెద్దవాళ్ళకి డ్యూటీకి సరిపడా తప్ప హిందీ రాదు, నాకు ఉద్యోగం రాలేదు. ఈ మూడు లోపాలూ కలిసి నన్ను దుబాసీని చేశాయి. బీపీ చూసే పాదరసం పెట్టె మోయడం కూడా నా పనే. ఆ పెట్టె రోడ్డు రోలరు కన్నా ఒక్క పిసరు మాత్రమే తేలిక.

మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, కార్ఖానాలో క్రేను డ్రైవరు. కరిగిన ఇనుము నింపిన బకెట్టుని తాటిచెట్టు ఎత్తున కూర్చుని గాల్లో అటూ ఇటూ నడిపించేవాడు. నేల మీద తిరిగే జనమంతా ఆయన లెక్కలో చీమలు. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో ముక్కాలి పీట మీద కూర్చున్నా సరే, గడ్డం ఛాతీకి ఆనించి కిందికి చూస్తూనే మాట్లాడేవాడు. సర్వే వారం రోజులుందనగా నన్ను పిలిచాడు.

"ఒరే అల్లుడూ, నాకు బీపీ ఉన్నాదని రాసినావంటే నన్ను కిందకి దింపీత్తారురా. దిగిపోయి నానేటి సేత్తాను? గేటు కాడ కూకోని సైకిళ్ళు లెక్కెట్టుకోవాలా?"

"మావా, ఇది కంపెనీ పని కాదు. కాగితాలన్నీ పట్నా ఎలిపోతాయి."

"పట్నా నుంచి కంపెనీకి టపా నేదేటి?"

అప్పటికే లైనంతా ఆ పుకారు పాకిపోయింది. బీపీ ఉందని తేలినవాడు క్రేను దిగాలి, కొలిమి వదలాలి, చీపురు పట్టాలి అని.

మా లైనులో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లో ఏది ఉన్నా అది లైను సొత్తే. కరివేపాకు, నిచ్చెన, పెళ్ళిచూపులకి చేతి గడియారం, చివరికి ఒకాయన కళ్ళజోడు కూడా వంతులవారీగా తిరిగేవి. లైను మొత్తం మీద బీపీ ఉందని తెలిసి, మాత్ర వేసుకునే మనిషి మా అత్త ఒక్కతే. ఆ మాత్రల సీసా దేవుడి పటాల వెనక ఉండేది. మావయ్య దానికీ ఆచారం వర్తింపజేశాడు. రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర, మాత్రని సగాలు చేసి మగాళ్ళందరికీ తీర్థంలాగా పంచేవాడు. వాళ్ళు కుడిచేతి గుంటలో పట్టి, మింగి, చెయ్యి నెత్తికి రాసుకునేవారు. సీసా ఖాళీ అయితే అత్త కనిపెడుతుందని, అందులో అదే సైజు తెల్ల పిప్పరమెంట్లు పోసి పెట్టాడు. (ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అత్త మాత్రం ఆ వారమంతా "ఈ పాలి మాత్తర్లు సల్లగా దిగతన్నాయి" అని కంపెనీ ఆసుపత్రిని మెచ్చుకుంటూనే ఉంది.)

సర్వే మా మావయ్య వరండాలోనే పెట్టారు. ఒక్కొక్కడూ వచ్చి, ఫొటోకి కూర్చున్నట్టు ఊపిరి బిగించి, చెయ్యి చాపాడు. బీపీ ఉందని తెలుసా? "తెల్దు బాబూ." మందు వాడుతున్నారా? "నేదు బాబూ." పాదరసం చూస్తే బుద్ధిమంతురాలిలాగా తల దించుకుని దిగిపోయేది. పట్టీ విప్పడం ఆలస్యం, ఆ మనిషి లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి పరుగు. అత్త మాత్ర ఒంట్లో నీరు దింపే రకమన్న సంగతి నాకేం తెలుసు?

"యే లోగ్ భాగ్ క్యోఁ రహే హైఁ, భాయ్?" అని, వీళ్ళెందుకలా పరిగెడుతున్నారో నన్నడిగారు డాక్టరుగారు.

"సిగ్గు సార్, మావాళ్ళకి సిగ్గెక్కువ," అని హిందీలో సర్దిచెప్పాను.

మధ్యాహ్నానికి ఆయన ముఖం వెలిగిపోతోంది. ఎర్రకళ్ళూ, బానపొట్టలూ, కొలిమి వేడీ, అయినా ఒక్కరికీ పోటు లేదు! ఈ తెలుగువాళ్ళు ఏం తింటారని అడిగారు. ఆవకాయ, ఎండు చేప, పచ్చిమిరపకాయ అని నిజమే చెప్పాను. ఆయన అవన్నీ వరసగా కాగితం మీద రాసుకున్నారు. ఇంకో గంట గడిస్తే ఎండు చేపని రాష్ట్రమంతటికీ సిఫార్సు చేసేవారని నా గట్టి నమ్మకం.

అప్పుడు అత్త వచ్చి కూర్చుంది. తెలుసా? "తెలుసు." వాడుతున్నావా? "ఓ, రోజూ ఏసుకుంతన్నాను." పాదరసం పైకి లేచింది. లేచి, లేచి, గాజు గొట్టం దాటి మా రేకుల కప్పు కూడా చీల్చుకుపోతుందేమో అనిపించింది. డాక్టరుగారి నవ్వు ఆరిపోయింది. మందు వాడుతున్నా ఇంత ఉందంటే ప్రమాదం, మోతాదు ఈ పూట నుంచే రెట్టింపు చెయ్యాలి, లేకపోతే మెదడులో నరం చిట్లినా చిట్లవచ్చు అన్నారు. నేను తెలుగు చేశాను. అత్త తొణకలేదు. "రెండేసుకుంతాను, ఏటయిపోద్ది? తియ్యగానే ఉన్నాయి గదా."

పెరటి గుమ్మంలో మావయ్య లుంగీ ముడి సగంలో ఆగిపోయింది. ఆయన ఒకసారి అత్తకేసి చూశాడు, ఒకసారి కార్ఖానా పొగ గొట్టాలకేసి చూశాడు. లోపలికొచ్చి, తన జన్మలో మొదటిసారి, డాక్టరుగారి ముందు తలెత్తి మాట్లాడాడు.

"బాబూ, దానికి మందు పెంచకండి. అది ఏసుకున్నాది పిప్పరమెంటు. మందు మా అందరి కడుపులో ఉన్నాది."

నేను హిందీ చేశాను. డాక్టరుగారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, మళ్ళీ చెప్పమన్నారు.

"నా మాత్తర్లు లైనంతటికీ పంచిపెట్టినావా?" అంది అత్త. "నాకేటన్నా అయిపోతే?"

"క్రేను పోద్దనుకున్నానే."

"క్రేను పోతే గేటుంటాది. నాను పోతే నీకు బువ్వ ఎవులెడతారు?"

డాక్టరుగారు మా లైను ఫలితాలన్నీ నిలువునా కొట్టేసి, అత్తకి తన సంచిలోంచి అసలు మాత్రలిచ్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ వచ్చారు. ఈసారి సగం లైనుకి పాదరసం పైకే లేచింది. మావయ్య వంతు వచ్చినప్పుడు ఆయన నోరు తెరవకముందే అత్త అందుకుంది: "తెలుసు. ఏసుకున్నాడు, నా మాత్తర్లే. ఈ మడిసి మాత్తరం అదుపులో నేడు." డాక్టరుగారు తర్జుమా విని, కళ్ళద్దాలు తుడుచుకునేంతగా నవ్వారు.

మావయ్య తనంతట తానే వెళ్ళి కంపెనీ డాక్టరుకి చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు కింద కూర్చోబెట్టారు, మందు పట్టాక మళ్ళీ పైకెక్కించారు. కింద ఉన్న ఆ కొన్నాళ్ళలో ఆయన మనుషుల ముఖాల్లోకి చూసి మాట్లాడడం నేర్చుకున్నాడు. అత్త అయితే ఇంకొన్నాళ్ళు ఉంచినా బాగుండునంది.

నాకిప్పుడు ఆ ఆఫీసర్ల ఆస్తి సంక్రమించింది. కారూ, కుక్కా రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు నేనూ పొద్దున్నే ఆవకాయ మానేసి, పల్చటి మజ్జిగ తాగి, పాపం ఎరగని ముఖం పెట్టుకుని కూర్చుంటాను. ఆ మూడు ప్రశ్నలకీ మా ఆవిడే జవాబులు చెబుతుంది, అచ్చం అత్తలాగే. ఇంటికొచ్చాక మాత్రని నీళ్ళతో మింగే ముందు, ఎందుకైనా మంచిదని, ఓసారి నాలుక చివర పెట్టుకుని చూస్తాను. చేదుగానే ఉంటుంది. అమ్మయ్య అనుకుంటాను.