టేపు దగ్గర పొదుపు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన కార్ల అద్దాలు బిగించే దుకాణం ఒకటుంది. ఎండకు మెత్తబడిన నల్ల జిగురు టేపు వాసన రోడ్డు దాకా వస్తుంది. ఆ వాసనకు నాకు నర్సింహ గారు గుర్తొస్తారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

కర్మన్‌ఘాట్‌లో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. ఎక్స్‌రే బల్లల పైన వేసే కార్బన్ పలకలు అక్కడ చేసేవాళ్లం. అచ్చు మీద, వేడికి గట్టిపడే రెసిన్ పట్టించిన కార్బన్ బట్టను పొరలుగా పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల చుట్టూ జిగురు టేపుతో మూసి, పంపుతో గాలి లాగేసి ఓవెన్‌లో పెట్టాలి. గాలి చొరబడితే పలకలో బుడగలు మిగిలిపోతాయి. వేడికి తట్టుకునే ఆ టేపు ఖరీదు ఎక్కువ. ఓవెన్‌లోకి పంపే ముందు ఆయన పంపు ఆపి, గేజ్ ఎదుట స్టూలు వేసుకుని టీ తాగేవారు. టీ అయ్యేదాకా ముల్లు కదలకూడదు; కదిలితే ఎక్కడో గాలి చొరబడుతున్నట్టే.

నేను ఎల్‌బీ నగర్ నుంచి రోజూ బండి మీద వెళ్లే కొత్త ఇంజినీరుని. ఖర్చు తగ్గించి మెప్పు పొందాలని, ఆయనకు చెప్పకుండా ఆ అద్దాల దుకాణంలో టేపు కొన్నాను. టీ అయ్యింది, ముల్లు కదలలేదు. ఓవెన్ వేడెక్కాక టేపు కరిగి కారింది. నేను గమనించేసరికి రెసిన్ గట్టిపడిపోయింది.

పలక పైకి నున్నగానే ఉంది. మర్నాడే ఇవ్వాలి. ఆ ఆర్డరు పోతే షెడ్డుకు ఆ నెల వేరే పని లేదు. ఆయన వేలి కణుపులతో దాన్ని కొట్టి చూశారు. ఒకచోట చప్పుడు మారింది.

“ఏం టేపు పెట్టినవ్?”

చెప్పాను. “సగం ధరకే వచ్చిందండీ. పైకేమీ తెలియట్లేదు కదా.”

“నీకు తెల్వదు. గా ఎక్స్‌రేకు తెలుస్తది. రేపు ఎవర్నో దీని మీద పండవెడ్తరు, ఛాతీల లేని మచ్చ కనవడ్తది. ఆయనకేం జెప్తవ్ ఇంజినీరు సాబ్, టేపు సగం ధరకొచ్చిందనా?”

రంపం తెచ్చి పలకను ఆయనే రెండుగా కోశారు. ఆర్డరు పోయింది. నన్ను పంపించేస్తారనుకున్నాను. మరుసటి వారం పిలిచి, రెండు అచ్చులు పక్కపక్కనే చేర్చి, రెంటికీ కలిపి ఒకే షీటు కప్పించారు. మధ్యలో రెండు పొడవాటి అంచులకు పట్టే టేపు మిగిలింది.

“పొదుపు గిట్ల జెయ్యాలె. అర్థమైందా, ఇంకో పలక కొయ్యాల్నా?”

కోసిన సగం పలక మీదే ఆ తర్వాత మా టీ గ్లాసులు ఉండేవి.

నిరుడు దగ్గు ఎంతకీ తగ్గకపోతే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెడుతుంటే, చెయ్యి దాని అంచు కిందికి పోనిచ్చి కణుపులతో కొట్టారు.

“ఎవలు జేసిండ్రో గని, మంచిగ జేసిండ్రు.”

ఫిల్ములో మచ్చ కనిపించింది. బల్లదేమోనని నేను ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన ఆశపడలేదు. బల్లను ఆయన ముందే చూసుకున్నారు.

ఇప్పుడు నేను వేరేచోట పనిచేస్తున్నాను. వీలున్నప్పుడల్లా రెండు అచ్చులకు ఒకే షీటు కప్పుతాను. పంపు ఆపి, టీ తెచ్చుకుని గేజ్ ముందు కూర్చుంటాను. టీ అయ్యాక కూడా కాసేపు లేవను.