రెండో విమానం

ఫలానా ఊరికి విమానంలో ఎన్ని గంటలు పడుతుందని ఎవరైనా అడిగితే, తెలియదనే చెబుతాను. జీవితమంతా భూగోళం చెప్పిన పంతులుకి తెలియదా అని నవ్వుతారు. నవ్వనీ.

ఎనభైల మొదట్లో తొర్రూరు బడిలో పనిచేసేవాణ్ణి. మా వాడ మొత్తానికీ అట్లాసు నా దగ్గరే ఉందని కొంచెం పొగరు కూడా ఉండేది. మా ఎదురింట్లో భర్త పోయిన ఒకావిడ కూతురితో ఉండేది. వాళ్లను సాకింది ఆమె తమ్ముడే. కువైట్‌లో తాపీ మేస్త్రి. పిల్ల పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకురావలసింది మేనమామ. గంప నేనే ఎత్తుతానని అతను ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు.

పెళ్లి గురువారం. బుధవారం టెలిగ్రాం వచ్చింది, ఆ రాత్రి కువైట్‌లో విమానం ఎక్కుతున్నానని. అయ్యగారు రెండు ముహూర్తాలు చెప్పి ఉన్నాడు, పదింటికొకటి, పన్నెండున్నరకొకటి. ఆమె టెలిగ్రాం పట్టుకుని పరుగున వచ్చింది.

"సార్, పన్నెండున్నర దాక ఆగితే మా తమ్ముడు అందుకుంటడా? జర లెక్క చూసి చెప్పుండ్రి."

అట్లాసు మీద కువైట్ నుంచి బొంబాయి దాకా దారం పరిచి, స్కేలుతో కొలిచాను. విమానానికి నాలుగు గంటలు. అక్కడిదాకా లెక్క తప్పలేదు. బొంబాయి నుంచి సికింద్రాబాదుకు రైలు, ఆపైన బస్సు.

"శుక్రవారం పొద్దుగాల గాని రాడమ్మా. ఆగి లాభం లేదు."

"గంత దూరం విమానంల వచ్చెటోనికి, గీ జరంత దూరానికి వేరే తొవ్వ లేదా సార్?"

"రైలు తప్ప ఇంకేముంటది?" అని కసిరాను కూడా. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె కళ్లు తుడుచుకుని పదింటికే ఒప్పుకుంది.

వరసకు మామ అయ్యే ఇంకొకాయన గంప ఎత్తాడు. పిల్ల ఏడుస్తూనే కూర్చుంది. తాళి కట్టడం, తలంబ్రాలు అయిపోయాయి. భోజనాలు వడ్డిస్తుండగా, ఇంకా పన్నెండు కాకముందే, పందిరి ముందు జీపు ఆగింది. మేస్త్రి దిగాడు. బొంబాయిలో ఇంకో విమానం ఎక్కి హైదరాబాదులో దిగాడట.

ఆ విమానం ఉందని నాకు తెలియక కాదు. అది మంత్రులకు, సేట్లకు అనుకున్నాను. మేస్త్రి రెండో విమానం ఎక్కుతాడని నా బుర్రకు తట్టనే లేదు. ఛీ, ఎంత చదివి ఏం లాభం!

మేస్త్రి మూలన పెట్టిన ఖాళీ గంపను చూశాడు.

"ఎవలెత్తిండ్రక్కా?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది.

"నేనే ఆగలేకపోయిన తమ్మీ. తొందరపడ్డ. తప్పు నాదే."

కాదు, నాది అనడానికి అంతమంది ముందు పంతులు మర్యాద అడ్డొచ్చింది. మేస్త్రి అక్కను ఒక్క మాట అనలేదు. ముఖం తుడుచుకుని నా దగ్గరికి వచ్చి దండం పెట్టాడు.

"మీరు దగ్గరుండి చూసుకున్నరు సార్, గదే సంతోషం. మా అక్కకు మంచి చెడ్డ చెప్పెటోళ్లు ఎవ్వలు లేరు."

నేను తిరిగి దండం పెట్టాను.